అతుకు వద్దు, పైపులన్నీ మార్చండి: పాత హెరాల్డ్ బ్రేకు, పెట్రోలు పైపుల సంగతి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నైలో సముద్రం పక్కన తిరువాన్మియూరులో మీ తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఆరేళ్లుగా అపార్ట్‌మెంట్ కింద ముసుగేసుకుని ఉంది. ఈ మధ్య తీసి రెండు వీధులు తిప్పారు. మర్నాడు ఎడమ వెనక చక్రం దగ్గర నేల మీద బ్రేక్ ఆయిల్ మడుగు కట్టింది. మీ మెకానిక్ చిల్లు పడిన జానెడు ముక్క కోసి, అక్కడ రాగి పైపు అతికిస్తే చాలన్నాడు. డిక్కీ తెరిస్తే పెట్రోలు వాసన కూడా వస్తోంది. అతుకు చాలా, అన్నీ మార్చాలా అన్నది మీ సందేహం.

అన్నీ మార్చండి. బ్రేకు పైపులు, రబ్బరు హోసులు, పెట్రోలు పైపు, అన్నీ ఒకే విడతలో. ఈ కారుకు క్లచ్ కూడా ఆయిల్‌తోనే నడుస్తుంది కాబట్టి దాని చిన్న పైపునూ మరిచిపోకండి. అంబత్తూరు పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు పైపులు కోసి, వంచి, చివర్లు తీర్చే పనిలో ఉన్నవాడిని. నా ఇంట్లోనూ ఒక హెరాల్డ్ ఉంది. కనుక కొంచెం పొడుగ్గా రాస్తే ఓపిక పట్టండి.

ముందు కారణం. ఈ కార్లు 1961 నుంచి మన వండలూరు దగ్గరే తయారయ్యాయి. ఆ కాలపు లెక్క ప్రకారం వీటికి బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే ఒక మాస్టర్ సిలిండర్, దాని నుంచి బయలుదేరి నాలుగు చక్రాలకూ చీలిపోయే ఒకే ఆయిల్ దారి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు రెండు విడి సర్క్యూట్లు తప్పనిసరి చేశారు. ఒకటి పోయినా రెండోది సగం బ్రేకు ఇస్తుంది. మీ కారుకు ఆ సదుపాయం లేదు. ఎక్కడ చిల్లు పడినా నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది, పెడల్ నేలకు అంటుకుంటుంది. ఇక మిగిలేది తీగ మీద నడిచే హ్యాండ్ బ్రేకే.

ఒత్తిడి సంగతి చూడండి. టైరులో గాలి పాతిక, ముప్పై పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి) ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆ సన్నని పైపులో ఒత్తిడి వెయ్యి పీఎస్‌ఐ దాటుతుంది. చిల్లు పడిన పైపు, మిగిలిన పైపులు ఒకే రోజున పుట్టినవి, ఒకే ఉప్పుగాలి పీల్చినవి. పడినది ముందు పడింది, అంతే తేడా.

పైపు ఎక్కడ చెడుతుందో మీరే చూడవచ్చు. బయటికి కనిపించే భాగం ఎప్పుడూ పెద్దమనిషిలాగే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం బీసెంట్ నగర్‌లో ఒక మిత్రుడి కారు కింద పడుకుని, ఛాసిస్‌కు పైపును పట్టి ఉంచే క్లిప్పు ఒకటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపాను. క్లిప్పుకు అటూ ఇటూ నల్లరంగు చెక్కుచెదరలేదు. కింద మాత్రం వేలెడంత మేర పైపు పొరలు పొరలుగా లేచి ఉంది. గోటితో గీరితే గోధుమరంగు పొడి నా కళ్లజోడు మీద రాలింది. మరోసారి గీరితే తడి తగిలింది. అది నీరు కాదు, బ్రేక్ ఆయిల్. ఆ కారు ముందు రోజే మహాబలిపురం వెళ్లి వచ్చింది! క్లిప్పు కింద మట్టి, తేమ, ఉప్పు చేరి బయటికి పోయే దారి లేక అక్కడే కూర్చుంటాయి. 2015 డిసెంబరు వరదలో మోకాలి లోతు నీటిలో నిలబడిన కార్లయితే చెప్పనక్కర్లేదు. మీ కారుకు కూడా ఒక క్లిప్పు లేపి చూడండి, నా మాట నమ్మాల్సిన పని ఉండదు.

ఇక రాగి. మీ మెకానిక్‌ను తప్పుపట్టను, అతని గురువు అలాగే నేర్పి ఉంటాడు. ఫ్రిజ్, ఏసీ పనివాళ్లు వాడే మెత్తని రాగి పైపు సులువుగా వంగుతుంది, తుప్పు పట్టదు, చేతికందుతుంది. చిక్కేమిటంటే రాగి అదురుకు గట్టిపడుతుంది. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో అలాగే, ఇంజను అదురుకూ రోడ్డు కుదుపులకూ ఏళ్ల తరబడి గట్టిపడి, సరిగ్గా నట్టు దగ్గర పగులుతుంది. అతుకు వేస్తే మరో రెండు కీళ్లు పెరుగుతాయి, అంటే కారడానికి మరో రెండు చోట్లు.

వాడదగినవి రెండు. ఒకటి, కంపెనీ వేసినలాంటి రెండు పొరల ఉక్కు పైపు. రెండోది కుప్రోనికెల్: సుమారు 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్ కలిసిన మిశ్రలోహం. చూడటానికి రాగిలాగే ఉంటుంది, కాస్త పాలిపోయిన రంగు. సముద్రపు నీటికి తట్టుకుంటుంది కాబట్టి ఓడల్లో నీటి గొట్టాలకు వాడతారు. తిరువాన్మియూరుకు నా ఓటు దీనికే. ఉక్కు కన్నా ధర ఎక్కువ, కానీ చేత్తో వంగుతుంది. ఇంట్లో పని చేసుకునేవారికి అది చిన్న మేలు కాదు. బ్రేకు పైపు బయటి వ్యాసం 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్లు. కొనేటప్పుడు బ్రేకులకు వాడే పైపేనని రాసి ఉన్న చుట్ట తీసుకోండి. రంగు చూసి నమ్మకండి.

పాత పైపులను ముక్కలుగా నరికి పారేయవద్దు. వీలైనంత వరకు వంపులు చెడకుండా విప్పి, గోడకు వేలాడదీయండి. అవే మీ నమూనాలు. ఒక పురికొస తీసుకుని పైపు వంపుల వెంట పరిచి, చివర్లు ముడేసి, ఆ కొసను సాగదీసి కొలవండి. ప్రతి పైపుకూ రెండంగుళాలు అదనంగా ఉంచుకోండి. నట్లు తుప్పు పట్టి కదలకపోతే మామూలు పానాతో తంటాలు పడకండి, అంచులు అరిగిపోతాయి. రింగు పానాలోనే పైపు దూరడానికి ఒక వైపు చీలిక ఉండే రకం దొరుకుతుంది, అది కొనండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచితే పని సగం అయినట్టే.

నట్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. హెరాల్డ్ బ్రిటిష్ వంశం. దాని బ్రేకు నట్లు 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్, అంటే అంగుళాల కొలతలో సన్న మరల రకం, అంగుళానికి 24 మరలు. ఇప్పుడు దుకాణంలో ఎక్కువగా కనిపించేది 10 మిల్లీమీటర్ల మెట్రిక్ నట్టు, మర మరకూ ఒక మిల్లీమీటరు. పక్కపక్కన పెడితే కవలలే. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లు కనుక మెట్రిక్ రంధ్రంలోకి యూఎన్‌ఎఫ్ నట్టు వదులుగా దూరి, బిగిసినట్టే నటిస్తుంది. వెయ్యి పీఎస్‌ఐ పడినప్పుడు నటన ఆగిపోతుంది. ఎవరైనా ఈ కారుకు ఎప్పుడో వేరే వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకు షూలను నెట్టేది) వేసి ఉంటే రెండు రకాలూ కలిసి ఉండవచ్చు. కాబట్టి ప్రతి నట్టునూ మరల కొలబద్దతో సరిచూడండి. కొత్త నట్టు ఖాళీ చేతి వేళ్లతోనే నాలుగైదు చుట్లు తిరగాలి. మొదటి చుట్టులోనే పానా కావాలంటే అది తప్పు నట్టు.

ఇప్పుడు అసలు విద్య: పైపు చివర తీర్చడం. ఆయిల్ కారకుండా ఆపేది నట్టు కాదు, మరలు కాదు, మరలకు చుట్టే తెల్ల టేపు అసలే కాదు. దాన్ని బ్రేకుల్లో వాడనే కూడదు. పైపు చివరను గరాటులా విప్పి చేసే ఫ్లేర్ ఒక్కటే ఆపుతుంది. ఆ లోహపు అంచు ఎదుటి గుంటలో నలిగి కూర్చుని ముద్ర వేసినట్టు మూసుకుంటుంది. మీ కారులో రెండు రకాల చివర్లు కనిపిస్తాయి. సిలిండర్లలోకి, పైపులు కలిసే యూనియన్లలోకి దూరే మగ నట్టు ఉన్న చోట చివర బయటికి ఉబికి గుండ్రంగా ఉంటుంది. ఆడ నట్టు ఉన్న చోట పైపు అంచు రెండు మడతలుగా లోపలికి తిరిగి, గరాటులా ఉంటుంది. ఏ చివరకు ఏది ఉందో పాత పైపు చూసి అచ్చం అదే చేయండి. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే బిగిస్తున్నప్పుడు తెలియదు, తొక్కినప్పుడు తెలుస్తుంది.

పైపును రంపంతో కోయకండి. చిన్న చక్రం తిరిగే కట్టర్‌తో, కొద్దికొద్దిగా బిగిస్తూ చుట్టూ తిప్పి కోయండి. లోపలి అంచున మిగిలిన గరుకును గీకి, అంచును సన్న ఆకురాయితో చదును చేసి, పైపులోకి గాలి ఊది పొట్టు తీసేయండి. ఒక్క రజను మాస్టర్ సిలిండర్ రబ్బరు దగ్గరికి చేరినా అది బ్లేడు పనే చేస్తుంది. ఫ్లేరింగ్ టూల్ చవక రకం వద్దు. దాని దవడలు పైపును పట్టలేక జారిపోతాయి, ఫ్లేర్ ఒక పక్కకు ఒరుగుతుంది. అసలు పైపు ముట్టుకునే ముందు తుక్కు ముక్కల మీద పది ఫ్లేర్లు చేయండి. అందులో రెండింటిని నిలువునా చీల్చి భూతద్దంతో చూడండి. అంచు చుట్టూ ఒకే మందం ఉండాలి, వెంట్రుకంత పగులు కూడా కనిపించకూడదు. మా షెడ్డులో కొత్త కుర్రాళ్లకు మొదటి వారమంతా ఇదే పని ఇచ్చేవాళ్లం.

ఇంకో మాట. ఫ్లేర్ చేసే ముందు నట్టును పైపులోకి ఎక్కించండి. నవ్వకండి. పైపంతా కొలిచి, వంచి, రెండు చివర్లూ ముత్యాల్లా తీర్చి, లేచి చూస్తే నట్టు బల్ల మీద నన్నే చూస్తూ ఉండటం నా అనుభవంలో ఎన్నిసార్లో లెక్క లేదు.

వంపులకు కరెంటు పనివాళ్ల స్ప్రింగు అవసరం లేదు, ఒక సీసా లేదా గుండ్రటి కర్ర చుట్టూ నిదానంగా తిప్పితే చాలు. పాత దారిలోనే నడపండి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా. మాస్టర్ సిలిండర్ దగ్గర కంపెనీవారు ఇచ్చిన చుట్టును వృథా అనుకుని తీసేయకండి, అదురును మింగేది అదే. హెరాల్డ్ బోనెట్ రెక్కలతో సహా ముందుకు ఒరిగి ఇంజను గది మొత్తం బయటపడుతుంది కదా, ఈ పనికి ఇంతకన్నా వీలైన కారు లేదు. ముందు చక్రం మీద కూర్చుని టీ తాగుతూ చేసుకోవచ్చు.

రబ్బరు హోసులు బయట బాగున్నాయని ఉంచేయకండి. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుంటుంది. తొక్కినప్పుడు ఒత్తిడికి ఆయిల్ వెళుతుంది, వదిలినప్పుడు తిరిగి రాదు. చక్రం పట్టేసి డ్రమ్ము కాలిపోతుంది. మెకానిక్ వీల్ సిలిండర్ మారుస్తాడు, షూలు మారుస్తాడు, దోషం మాత్రం అలాగే ఉంటుంది. హోసులు ముందు రెండు. వెనక మీ కారుకు స్వింగ్ యాక్సిల్ (రెండు చక్రాలూ విడివిడిగా ఊగే ఇరుసు) అయితే మరో రెండు, తర్వాత వచ్చిన గెజెల్ కారులా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు ఉంటే ఒకటే. పాత కారు భాగాలు అమ్మే పుదుపేటలో ‘అసలు పాత స్టాకు’ అని గర్వంగా చూపిస్తారు. ఇనుప భాగమైతే కళ్లకద్దుకుని తీసుకోండి, రబ్బరైతే దండం పెట్టి వచ్చేయండి. అలమరలో ఉన్నా రబ్బరుకు వయసు వస్తుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో పాత హోసు చూపించి కొత్తది కొనండి, తయారీ తేదీ చదవండి. బ్రిటిష్ కంపెనీ గిర్లింగ్ బ్రేకుల వారసత్వం మన ఊళ్లోనే ఉంది. పాడిలోని బ్రేక్స్ ఇండియా 1962లో మొదలైంది ఆ కంపెనీ భాగస్వామ్యంతోనే. అందువల్ల వీల్ సిలిండర్ రబ్బర్ల కిట్ల కోసం విదేశాలకు రాసే ముందు ఇక్కడ నాలుగు దుకాణాలు ఎక్కి దిగండి. హోసు బిగించాక స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పి, ఎక్కడా మెలిపడటం లేదని, టైరుకు రాసుకోవడం లేదని చూడండి.

ఆయిల్ విషయంలో నేను మూల్యం చెల్లించి నేర్చుకున్నాను. ఎనభైల్లో ఒకసారి తిరుమల నుంచి దిగుతున్నాం. కారులో అయిదుగురం, పైన సామాను. కుర్రతనం, గేరులో దింపకుండా కాలు బ్రేకు మీదే ఉంచాను. సగం దారిలో పెడల్ దూదిలా మెత్తబడింది, తర్వాతి మలుపులో నేలకు దిగింది. రెండో గేరులోకి లాగి, హ్యాండ్ బ్రేకు పట్టి, కొండ వైపు గోడకు ఆనించి ఆపాను. మా అమ్మ గోవిందనామాలు ఆపలేదు. అరగంట తర్వాత పెడల్ ఏమీ ఎరగనట్టు గట్టిగా లేచింది! షూలు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు ఆగదు. పెడల్ మెత్తబడితే ఆయిల్ మరిగి ఆవిరైందని అర్థం. ఇంటికి వచ్చి తీస్తే ఆయిల్ ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో ఉంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరగాలి, తేమ పట్టాక అది 140కి దిగవచ్చు. డాట్ 4కు ఆ లెక్క 230, 155. చెన్నై గాలిలో రెండేళ్లకొకసారి మార్చడం దుబారా కాదు, జాగ్రత్త. డాట్ 4 చిన్న సీసాలు కొనండి, మూత తీసి మిగిలినది దాచకండి. డాట్ 5 అనే సిలికాన్ రకాన్ని వీటితో కలపకూడదు. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు ఊడుతుంది. బ్రేకు భాగాలను కిరోసిన్‌తో, పెట్రోలుతో కడగడం మన షెడ్లలో పాత అలవాటు. రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. స్పిరిట్ లేదా కొత్త బ్రేక్ ఆయిల్ వాడండి.

కొత్త పైపుల్లో చిక్కిన గాలి తీసే ముందు నాలుగు డ్రమ్ముల షూలూ సరిగ్గా దగ్గరికి బిగించండి. అది చేయకుండా గంటల తరబడి గాలి తీసి పెడల్ లోతుకు పోతోందని వాపోయేవారిని చాలామందిని చూశాను. కుడిచేతి స్టీరింగ్ కారు కనుక మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరం ఎడమ వెనక చక్రం. అక్కడ మొదలు, తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు. లోపల ఒకరు నిదానంగా తొక్కాలి, చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌ను రెండోవారు బిగించాక మాత్రమే వదలాలి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. ‘తొక్కాను’, ‘వదలనా?’ అన్న ఆ రెండు మాటలు తప్ప ఆ గంటసేపు మా మధ్య వేరే సంభాషణ ఉండదు. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూస్తూ ఉండండి, అడుగంటితే మళ్లీ మొదటికే.

పెట్రోలు వైపు ఒత్తిడి కొద్ది పీఎస్‌ఐలే, అక్కడ ప్రమాదం నిప్పు. డిక్కీలో వాసన అన్నారు కాబట్టి పైపు కన్నా ముందు ట్యాంకు మెడకు ఉన్న రబ్బరు గొట్టాన్ని, పెట్రోలు ఎంత ఉందో కొలిచే గేజి యూనిట్ కింది గాస్కెట్‌ను చూడండి. పాత రబ్బరు ఇప్పటి పెట్రోలుకు అలవాటు పడినది కాదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, పగులగొడుతుంది. నీటిని కూడా పీలుస్తుంది, దానితో ట్యాంకు లోపల తుప్పు. హోసు మీద జె 30 ఆర్ 9 (J30R9) అన్న ముద్ర చూసి కొనండి, లోపలి పొర ఇథనాల్‌కు తట్టుకునే రకం. బైకులకు వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఇంజను వేడికి బిరుసెక్కి జారిపోతుంది, అది వద్దు. పొడవైన భాగానికి ఉక్కు పైపు గానీ కుప్రోనికెల్ గానీ వేయండి. ఉత్త రాగి ఇక్కడా మంచిది కాదు, నిలవ ఉన్న పెట్రోలులో జిగురు చేరడానికి అది తోడ్పడుతుంది. ఆరేళ్ల పాత పెట్రోలు మొత్తం తీసేయాలి, పంపు గాజు గిన్నె కడగాలి. మే నెలలో మౌంట్ రోడ్డు సిగ్నళ్ల దగ్గర పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ వేసే ముందు పైపు సైలెన్సర్‌కు ఎంత దగ్గరగా పోతోందో చూడండి.

ఈ పని అపార్ట్‌మెంట్ కింద మాత్రం చేయకండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకి వాచ్‌మన్ పొయ్యి దాకా పోతుంది. ఆరుబయట, బ్యాటరీ తీసి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేయండి.

అంతా బిగించాక పెడల్‌ను ఒంట్లో బలమంతా పెట్టి ఒక నిమిషం అలాగే తొక్కి ఉంచండి. ఇంకొకరు ప్రతి కీలు చుట్టూ తెల్ల కాగితం తిప్పాలి. మరక కనిపిస్తే కొంచెం వదిలించి మళ్లీ బిగించండి. అప్పటికీ ఆగకపోతే ఇంకా గట్టిగా బిగించకండి, ఫ్లేర్ కోసి మళ్లీ చేయండి. తర్వాత తెల్లవారుజామున ఖాళీ వీధిలో నడక వేగంతో నాలుగుసార్లు ఆపి చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కింద పడుకుని కాగితం పరీక్ష చేయండి.

మీ మెకానిక్‌ను వదులుకోకండి. గాలి తీయడానికి, షూలు బిగించడానికి అతని చెయ్యి మీ చెయ్యి కన్నా మేలు. పైపులు మీరు చేసి ఇస్తే కాదనడు. ఒక ఫ్లేర్ చీల్చి చూపించండి, ఆసక్తి ఉన్నవాడైతే ఆ టూల్ ఎక్కడ కొన్నారని అడుగుతాడు.